ఆట ఎవరిది?

పిల్లలూ! అరుగు మీద సుద్దముక్కతో మీరు పులి-మేక పటం గీస్తారు గదా. 3 పులులు, 15 మేకలు. పులులకు చింతపిక్కలు, మేకలకు గులకరాళ్ళు. ఈ ఆటను ఏ కంపెనీ తయారుచేసింది? దీని వెల ఎంత? నవ్వు వస్తున్నది కదూ! దీన్ని మీకు అమ్మమ్మో, పక్కింటి అన్నో నేర్పి ఉంటారు. పాత గుళ్ళ రాతి అరుగుల మీద కూడా ఈ పటాలు చెక్కి ఉంటవి. చెక్కిన వారి పేర్లు ఎవరికీ తెలియవు. ఆడేవాళ్ళందరిదీ ఆ ఆట.

అన్ని ఆటలకూ ఇట్లా జరగలేదు. మన పచ్చీసు సముద్రాలు దాటి వెళ్ళింది. 1874లో అమెరికాలో ఒక కంపెనీ "పార్చీసీ" అనే పేరును తన వ్యాపారపు గుర్తుగా రిజిస్టరు చేయించుకున్నది. 19వ శతాబ్దం చివరలో ఇంగ్లండులో అదే ఆట కొద్దిగా మారి "లూడో" అనే పేరుతో పేటెంటు పొందింది. తరవాత ఆ లూడోయే అట్టపెట్టెలో మన అంగళ్ళకు వచ్చింది. అయినా మన ఇళ్ళలో పచ్చీసు ఆగిపోలేదు. ఎందుకంటే గవ్వలు మనవే, ఆడే పద్ధతి మనకు నోటికి వచ్చు.

ఇప్పుడు నేను చాలా ఏళ్ళుగా ఆడుతున్న మరొక ఆట సంగతి చెబుతాను. దీనికి పటం లేకపోయినా ఫరవాలేదు. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు. తక్కినవాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుంటారు.

"ఎదురుగా వాగు పొంగుతున్నది. ఏం చేస్తారు?" అని కథ నడిపేవాడు అడుగుతాడు.

"ఈదుతాను," అంటాడు ఒకడు.

ఈదగలడా? 20 ముఖాల పాచిక వేసి చూస్తారు. పెద్ద అంకె పడితే ఒడ్డు చేరతాడు. చిన్నది పడితే కొట్టుకుపోతాడు. అప్పుడు స్నేహితులు తాడు విసరాలి! కథ ఎట్లా ముగుస్తుందో నడిపేవాడికి కూడా ముందుగా తెలియదు. అదే దీనిలోని తమాషా.

ఈ తరహా ఆటలలో మొదట అచ్చయి అంగడికి వచ్చినది "డంజన్స్ అండ్ డ్రాగన్స్." గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు దీన్ని తయారుచేశారు. 1974లో మొదట 1,000 పెట్టెలు వేశారు. ఒక్కొక్క పెట్టెలో 3 చిన్న పుస్తకాలు, వెల 10 డాలర్లు.

ఆట పెరిగింది, దానితోపాటు తగాదాలూ పెరిగినవి. తన పేరు, తన వాటా కోసం ఆర్నెసన్ 1979లో కోర్టుకు వెళ్ళాడు. 1981లో రాజీ కుదిరింది. 1985లో గైగాక్స్‌కు తాను పెట్టిన కంపెనీ మీదనే పెత్తనం పోయింది. 1997లో ఆ కంపెనీని విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ అనే సంస్థ కొన్నది. 1999లో ఆ సంస్థను బొమ్మల వ్యాపారంలో పేరుమోసిన హాస్‌బ్రో కొన్నది.

2000లో విజార్డ్స్ వారు ఒక మంచి పని చేశారు. ఆట నియమాలలో ముఖ్యమైనవి ఎవరైనా వాడుకొని, సొంత కథలు రాసి అమ్ముకోవచ్చునని అనుమతి ఇచ్చారు. దాని నీడన ఎన్నో చిన్న సంస్థలు, ఎందరో రచయితలు, చిత్రకారులు బతికారు. 2023 జనవరిలో ఆ అనుమతిని మార్చాలనే చిత్తుప్రతి బయటికి పొక్కింది. ఎక్కువ అమ్మకాలు ఉన్నవారు కంపెనీకి వాటా చెల్లించాలని అందులో ఉన్నది. ఆటగాళ్ళు గట్టిగా ఎదురు చెప్పారు. నెల తిరగకముందే కంపెనీ వెనక్కు తగ్గి, ఆ నియమాలను "క్రియేటివ్ కామన్స్" అనే అనుమతి కింద అందరికీ వదిలింది. ఇక దాన్ని తిరిగి లాక్కోవటానికి వీలు లేదు.

అట్లా అని వ్యాపారమే చెడ్డదని అనుకోకండి. పుస్తకం రాసినవారికీ, బొమ్మలు వేసినవారికీ తిండి గడవాలి. వారి పుస్తకాన్ని దొంగచాటుగా కాపీ తీయటం తప్పు. నాకు నచ్చనిది వేరొకటి ఉన్నది. ఖరీదైన పాచికలు, రంగుల బొమ్మలు కొంటే తప్ప ఆట రాదని కొందరు పిల్లలు అనుకుంటున్నారు. మరికొందరు ఎవరో ఆడుతుంటే తెర మీద చూసి ఊరుకుంటున్నారు. చూడటం వేరు, ఆడటం వేరు.

పల్నాటి పిల్లలకు ఈ సంగతి తేలికగా అర్థమవుతుంది. కారంపూడిలో ఏటా కార్తీక అమావాస్య నుంచి 5 రోజులు వీరుల ఉత్సవాలు జరుగుతవి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఆ రోజులకు పేర్లు. 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధ కథను జనం అక్కడ మళ్ళీ నడిపిస్తారు. అది పూజ, ఆట కాదు. కాని నలుగురూ కలిసి మోసిన కథ ఎన్ని వందల ఏళ్ళయినా బతుకుతుందని అది మనకు చూపుతున్నది.

మీరు కూడా ఒక ఆట కట్టండి. 4 చింతపిక్కలను ఒకవైపు తెల్లబడేదాకా అరగదీయండి. అవి పడే తీరులు మొత్తం 16. నాలుగూ తెలుపు పడే తీరు 1, మూడు తెలుపు 4, రెండు తెలుపు 6, ఒకటి తెలుపు 4, అన్నీ నలుపు 1. అంటే రెండు గాని, అంతకు మించి గాని తెలుపు పడే తీరులు 11. తేలికైన పనికి రెండు తెలుపు చాలునని, కష్టమైన పనికి మూడు కావాలని పెట్టుకోండి. నిజం పిక్కలు అంత సమంగా పడవు. 100 సార్లు వేసి, లెక్క నోటుబుక్కులో రాసి చూడండి.

ఇక కథ. కోడిపందెంలో ఓడి, మాచర్లవారు 7 ఏళ్ళు వనవాసం చేశారు. గడువు తీరింది. రాజ్యం తిరిగి ఇమ్మని అడగటానికి రాయబారి గురజాలకు పోతున్నాడు. ఒకరు రాయబారి, ఒకరు నలగామరాజు, ఒకరు నాయకురాలు నాగమ్మ. ముందు మాట, తరవాతే పిక్కలు. ఒకరు మాట్లాడుతుంటే రెండోవారు అడ్డు రాకూడదు. కథ నడిపేవారు ఎవరి పక్షమూ వహించరాదు. బ్రహ్మనాయుడి చాపకూడులో అందరూ ఒకే చాప మీద కూర్చున్నట్టు, మీ ఆటలోనూ పెద్ద ఇల్లు, చిన్న ఇల్లు అనే తేడా ఉండరాదు.

ఆ కథలో రాయబారి అలరాజు ప్రాణాలతో తిరిగి రాలేదు. కారంపూడిలో యుద్ధం జరిగి వీరులెందరో నేలకొరిగారు. మీ ఆటలో ఏ మాట చెబితే, ఎవరు ఒక మెట్టు దిగితే యుద్ధం తప్పుతుందో వెతకండి. దొరికితే ఆ ఆటను పక్క వీధి పిల్లలకు నేర్పండి. అప్పుడు అది వాళ్ళది కూడా అవుతుంది.