అగ్గిపుల్ల ముక్కంత చోటును ఎమ్మారైలో పట్టుకోవడం

గాఢనిద్రలో ఉన్నా పసిబిడ్డ ఏడుపు చెవిన పడగానే దిగ్గున లేస్తాం. అలా లేచినప్పుడు మెదడంతటికీ నోరెపినెఫ్రిన్ అనే రసాయనాన్ని అందించేది లోకస్ సెరూలియస్ అనే నాడీకణాల గుంపు. మెదడు కాండంలో, పాన్స్ అనే భాగం వెనకవైపున ఇవి కుడికొకటి, ఎడమకొకటి ఉంటాయి. అగ్గిపుల్లను మూడుగా విరిస్తే ఒక్కో ముక్క ఎంతుంటుందో ఒక్కోటీ దాదాపు అంతే: సెంటీమీటరున్నర పొడవు, రెండు మిల్లీమీటర్ల మందం. మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలుంటే, ఈ రెండింటిలో కలిపి ఉన్నవి కొన్ని పదివేలే. అయినా వీటి తంతువులు పైన మెదడు పొర దాకా, కింద వెన్నుపాము దాకా పాకి ఉంటాయి.

18వ శతాబ్దం చివర్లోనే ఫ్రెంచి వైద్యుడు విక్ డాజిర్ దీన్ని గుర్తించాడు. కోసిన మెదడులో నీలిరంగు మచ్చలా కంటికి కనిపిస్తుంది కాబట్టి సాధ్యమైంది. బతికున్న మనిషిలో చూడటమే కష్టం. మామూలు ఎమ్మారై బొమ్మలో దీనికీ చుట్టుపక్కల కణజాలానికీ తేడా తెలియదు.

ఇంకా చిన్న గడులుగా బొమ్మ తీస్తే సరిపోదా? ఎమ్మారై మెదడును వోక్సెల్ అనే చిన్న చిన్న ఘనాలుగా విభజించి, ఒక్కో దాంట్లోని నీటి హైడ్రోజన్ నుంచి సంకేతాన్ని అందుకుంటుంది. ఘనం భుజాన్ని సగానికి తగ్గిస్తే సంకేతం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఆ లోటును పదే పదే తీసి పూడ్చాలంటే 64 రెట్ల సమయం పడుతుంది. అంటే 5 నిమిషాల స్కాన్ 5 గంటలు దాటుతుంది. అంతసేపు కదలకుండా ఎవరు పడుకోగలరు? పడుకున్నా, గుండె కొట్టుకున్నప్పుడల్లా మెదడు కాండం కొద్దిగా కదులుతూనే ఉంటుంది.

దారి చూపింది ఆ నీలిరంగే. ఈ కణాల్లో న్యూరోమెలనిన్ అనే వర్ణకం వయసుతోపాటు పేరుకుంటుంది. అది ఇనుముతో జతకడుతుంది. 2006లో జపాన్‌లో మకోతో ససాకి బృందం 3 టెస్లా యంత్రంపై తగిన పద్ధతిలో బొమ్మ తీసి, ఈ చోటు తెల్లగా మెరవడం చూపించింది. పార్కిన్సన్స్ రోగుల్లో ఆ మెరుపు తగ్గింది. మెరుపంతా వర్ణకానిదేనా, ఆ కణాల్లోని నీటికీ అందులో వాటా ఉందా అన్న చర్చ ఇంకా సాగుతోంది.

తీసే తీరులోనూ ఒక నేర్పు ఉంది. లోకస్ సెరూలియస్ నిలువుగా సాగి ఉంటుంది కనుక మెదడు కాండానికి సరిగ్గా అడ్డంగా ముక్కలు తీస్తారు. ముక్క మందం రెండున్నర, మూడు మిల్లీమీటర్లున్నా ఫర్వాలేదు. ముక్కలోని ఒక్కో గడి అడ్డకొలత మాత్రం అర మిల్లీమీటరు దగ్గర ఉండాలి. అప్పుడు నాలుగో జఠరిక అనే ద్రవం నిండిన కుహరం అడుగున, రెండు పక్కలా రెండు తెల్ల చుక్కలు కనిపిస్తాయి. వాటి ప్రకాశాన్ని పక్కనున్న పాన్స్ కణజాలంతో పోల్చి అంకె రాస్తారు.

ఇంత పట్టుదల ఎందుకంటే, అల్జీమర్స్‌తో ముడిపడిన టావ్ ప్రోటీన్ మార్పులు ముందుగా కనిపించే చోట్లలో ఇదొకటి. జర్మన్ శాస్త్రవేత్త హైకో బ్రాక్ ముప్పై ఏళ్లు నిండని వారి మెదళ్లలో సైతం వాటిని చూశాడు. మతిమరుపు బయటపడటానికి దశాబ్దాల ముందన్నమాట.

అందుకే ఒక విషయంలో గట్టిగా ఉండాలంటాను. మెదడు పనితీరును చూపే ఎమ్మారై అధ్యయనాల్లో అందరి మెదళ్లనూ ఒకే నమూనాకు సర్దుతారు, ఆపై ఐదారు మిల్లీమీటర్ల మేర సంకేతాన్ని పక్కలకు పరుస్తారు. రెండు మిల్లీమీటర్ల చోటు అందులో కలిసిపోతుంది. లోకస్ సెరూలియస్ స్పందించిందని ఎవరైనా రాస్తే, అదే మనిషి స్కాన్‌లో ఆ తెల్ల చుక్కలను ముందు చూపించారా అని అడగాలి.