ఛాతీపై నక్షత్రం... నడవడికి పరీక్ష

అమెరికాలో స్థిరపడిన మన కుటుంబాల్లో పిల్లల చదువు అనగానే కంప్యూటర్లు, డాక్టరీ అనే రెండు మాటలే ఎక్కువగా వినిపిస్తాయి. అక్కడే పుట్టి పెరిగిన కుర్రవాడు ‘నేను షెరీఫ్ ఆఫీసులో డెప్యూటీగా చేరతాను’ అన్నాడంటే, ఫోనులో ఆ మాట విన్న గుంటూరు నానీకో, హైదరాబాదు దాదీకో గుండె గుభేలుమంటుంది. తుపాకీ పట్టే ఉద్యోగమా? గడ్డం తీసేయమంటారా? జుమా నమాజు సంగతేమిటి? ఈ ప్రశ్నలన్నీ సబబైనవే. వాటి దగ్గరికి వద్దాం. కానీ ఈ ఎంపికలో అభ్యర్థిని నిజంగా ఇరుకున పెట్టేది గడ్డమూ కాదు, తుపాకీ కూడా కాదు. తన గతం గురించి తాను నిజం చెప్పగలడా లేదా అన్నదే అసలు పరీక్ష.

ముందు పేరు సంగతి. షెరీఫ్ అనగానే మనవాళ్ళకు అరబ్బీ ‘షరీఫ్’ గుర్తుకొస్తుంది. రెండింటికీ చుట్టరికం లేదు. పూర్వం ఇంగ్లండులో జిల్లా వంటి ప్రాంతాన్ని ‘షైర్’ అనేవారు. దానిమీద రాజు తరఫున ఉండే అధికారి ‘రీవ్’. ఆ రెండూ కలిసి షెరీఫ్ అయింది. ఆంగ్లేయులు బొంబాయి, కలకత్తా, మద్రాసుల్లోనూ ఈ పదవిని పెట్టారు. కాలక్రమంలో అది ఇక్కడ గౌరవ పదవిగా మిగిలింది. 1980లో బొంబాయి షెరీఫ్‌గా నియమితులైనది నటుడు దిలీప్ కుమార్, అంటే మన యూసుఫ్ ఖాన్ సాహెబే!

అమెరికాలో మాత్రం అది అలంకారం కాదు. అక్కడ కౌంటీ అంటే సుమారుగా మన జిల్లా. చాలా రాష్ట్రాల్లో కౌంటీ షెరీఫ్‌ను ప్రజలే ఓట్లు వేసి ఎన్నుకుంటారు. నగరాలకు వేరే పోలీసు శాఖలు ఉంటాయి. నగర హద్దులకు బయట గస్తీ, కౌంటీ జైలు నిర్వహణ, కోర్టుల కాపలా, వారంట్లు, సమన్లు అందజేయడం షెరీఫ్ బాధ్యతలు. ఆయన కింద ప్రమాణం చేసి పనిచేసేవారే డెప్యూటీలు. లాస్ ఏంజెలెస్ కౌంటీ షెరీఫ్ శాఖ ఇలాంటి వాటిలో దేశంలోకెల్లా పెద్దది.

దేశమంతటికీ ఒకే నిబంధన లేదు, ఏ రాష్ట్రం చట్టం దానిదే. కాలిఫోర్నియానే తీసుకుందాం. అక్కడ 2022 నుంచి కొత్తగా నియామకం పొందేవారికి 21 ఏళ్ళు నిండి ఉండాలి. హైస్కూలు చదువు పూర్తిచేయాలి. పౌరసత్వం తప్పనిసరి అన్న షరతును 2023 జనవరి నుంచి తొలగించారు. చట్టబద్ధంగా ఉద్యోగం చేసుకునే హక్కు ఉంటే చాలన్నారు. టెక్సాస్‌లో సాధారణంగా పౌరసత్వం కావాల్సిందే. హెచ్-1బీ వీసా మీద వెళ్ళినవారు ఆశపడి లాభం లేదు. ఆ వీసా ఒక యజమానికీ, ఒక ఉద్యోగానికీ ముడిపడినది. పెద్ద నేరంలో శిక్షపడినవారు అనర్హులు. భార్యను కొట్టిన కేసులో చిన్నపాటి శిక్ష పడినా సరే, 1996 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం ఆ మనిషి తుపాకీ పట్టరాదు. పోలీసులకూ ఇందులో మినహాయింపు లేదు. తుపాకీ లేనివాడు డెప్యూటీ ఎలా అవుతాడు? ‘ఇంటి గొడవే కదా’ అని తేలిగ్గా తీసుకునేవారు ఈ ఒక్క నిబంధనను రెండుసార్లు చదువుకోవాలి.

చదవడం, రాయడం ఎంత వచ్చో చూసే రాతపరీక్ష, పరుగు, దేహదారుఢ్య పరీక్ష ఉంటాయి. కష్టపడే కుర్రవాడికి అవి పెద్ద అడ్డంకి కాదు. అసలు కథ ఆ తర్వాత చేతికిచ్చే ఫారంతో మొదలవుతుంది. అది పదుల పేజీల పుస్తకం. ఇప్పటిదాకా ఎక్కడెక్కడ ఉన్నారు, ఎవరి దగ్గర పనిచేశారు, ఎందుకు మానేశారు, అప్పులెన్ని, చలానాలెన్ని, మత్తు పదార్థాలు ఎప్పుడైనా ముట్టారా... అన్నీ రాయాలి. ఇంతకుముందు వాడిన పేర్లన్నీ కూడా రాయాలి.

ఇక్కడే మనవాళ్ళకు చిక్కు. పదో తరగతి సర్టిఫికెట్లో ‘ఎండీ’, పాస్‌పోర్టులో ‘మొహమ్మద్’, కాలేజీలో ‘మహమ్మద్’. షేక్ మస్తాన్ వలీ అనే పేరులో ఇంటిపేరేదో, సొంతపేరేదో అక్కడి గుమాస్తాకు తెలియదు. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో పడితే, అమెరికా వీసా మీద అసలు పేరు స్థానంలో ‘ఎఫ్ఎన్‌యూ’ అని మూడక్షరాలు పడతాయి. మొదటి పేరు తెలియదు అని దానర్థం! పుట్టినతేదీ కథ కూడా ఇంతే. బడిలో చేర్చేటప్పుడు హెడ్మాస్టరు గారు వేసిన తేదీ ఒకటి, అమ్మీ చెప్పే రంజాన్ నెల ఒకటి. దేన్నీ దాచకుండా అన్ని పేర్లూ, అన్ని స్పెల్లింగులూ రాసి, తేడా ఎందుకు వచ్చిందో పక్కన వివరించడమే మార్గం. తేడా ఉండటం నేరం కాదు. రాయకుండా వదిలేస్తే మాత్రం దాచినట్లు కనబడుతుంది.

ఆ ఫారం పట్టుకుని ఒక విచారణాధికారి బయల్దేరుతాడు. పాత యజమానులను, బడులను, బంధువులను, ఇరుగుపొరుగును అడుగుతాడు. ఈ పద్ధతి మనకు కొత్తదేమీ కాదు. హజ్రత్ ఉమర్ (రజి) ముందు ఒక వ్యక్తి సాక్ష్యం చెప్పబోతే, అతన్ని ఎరిగినవారెవరని ఖలీఫా అడిగారట. ఒకాయన ‘నేనెరుగుదును, మంచివాడు’ అన్నాడు. అతని రాకపోకలు తెలిసిన పొరుగువాడివా, అతనితో డబ్బు లావాదేవీ నడిపావా, కలిసి ప్రయాణం చేశావా అని ఉమర్ (రజి) ప్రశ్నించారు. మూడింటికీ కాదనే జవాబు వచ్చింది. అయితే నీకు అతను తెలియదు పొమ్మన్నారు. హదీసు పండితులు ఉల్లేఖకుల గుణగణాలను జల్లెడపట్టడానికి ‘జర్హ్ వ తాదీల్’ అనే శాస్త్రాన్నే నిర్మించారు. ఎంత నమాజీ అయినా మాటలో నిలకడ లేకపోతే అతని రివాయత్‌ను పక్కన పెట్టారు.

కొందరికి ఇంకో సందేహం. విచారణాధికారి వచ్చి మిత్రుడి గురించి అడిగితే ఉన్న లోపం చెప్పడం గీబత్ కాదా? ఇమామ్ నవవీ (రహ్మతుల్లాహ్ అలైహ్) గీబత్‌కు మినహాయింపులున్న సందర్భాలను వివరించారు. ఒకరితో వ్యవహారం పెట్టుకోబోయేవారు సలహా అడిగినప్పుడు ఉన్నది చెప్పడం వాటిలో ఒకటి. రేపు ఆ మిత్రుడి చేతికి తుపాకీ, ఇతరులను నిర్బంధించే అధికారం రాబోతున్నాయి. మొహమాటానికి చోటెక్కడిది?

చాలా శాఖలు పాలిగ్రాఫ్ యంత్రం ముందు కూడా కూర్చోబెడతాయి. 1988 నాటి చట్టం ప్రైవేటు యజమానుల్లో అత్యధికులకు దీన్ని నిషేధించింది, ప్రభుత్వ శాఖలకు మాత్రం ఆ నిషేధం వర్తించదు. శ్వాస, రక్తపోటు, చెమట కొలిచే ఈ యంత్రం అబద్ధాన్ని నిక్కచ్చిగా పట్టగలదా అన్నది సందేహమే. 2003లో అమెరికా జాతీయ పరిశోధనా మండలి నివేదిక కూడా ఆ సందేహాన్నే వ్యక్తం చేసింది. నా మట్టుకు ఇది పరీక్షకంటే బెదిరింపుగానే తోస్తుంది. అయినా దాని ముందు కూర్చున్న కుర్రవాడు ఫారంలో రాసిందే చెబితే కంగారు పడాల్సిన పనిలేదు. కుర్రతనంలో చేసిన చిన్న తప్పు ఒప్పుకుంటే చాలాసార్లు సర్దుకుపోతారు. అదే తప్పును దాచి దొరికిపోతే ఆ తలుపు మూసుకుపోయినట్టే.

ఇంత పట్టుదల ఎందుకంటే, డెప్యూటీ రేపు కోర్టులో సాక్షి. నిందితుడికి ఉపకరించే ఆధారాన్ని ప్రాసిక్యూషన్ దాచకూడదని 1963లోనూ, సాక్షి విశ్వసనీయతను దెబ్బతీసే విషయాలకూ అదే వర్తిస్తుందని 1972లోనూ అమెరికా సుప్రీంకోర్టు తీర్పులిచ్చింది. అబద్ధమాడినట్లు రికార్డుకెక్కిన అధికారి సాక్ష్యం ఏ కేసునూ నిలబెట్టదు.

షరతులతో ఉద్యోగం ఖాయం చేశాకే వైద్య, మానసిక పరీక్షలు జరుపుతారు. కాలిఫోర్నియా 2020లో చేసిన చట్టం ప్రకారం, అభ్యర్థికి జాతి, మతం వంటి వాటిమీద ద్వేషం ఉందా అన్నది కూడా ఈ మానసిక పరీక్షలో చూడాలి. సెప్టెంబర్ 11 తర్వాతి రోజులు చూసిన మన కుటుంబాలకు ఈ మాట విలువ వేరే చెప్పనక్కర్లేదు.

ఇక గడ్డం. న్యూజెర్సీలోని నెవార్క్ నగరంలో ఇద్దరు ముస్లిం పోలీసులు ఈ విషయమై కోర్టుకెక్కారు. చర్మవ్యాధి ఉన్నవారికి గడ్డం అనుమతిస్తూ, ధర్మం కోసం పెంచుకునేవారికి నిరాకరించడం చెల్లదని 1999లో ఫెడరల్ అప్పీలు కోర్టు తేల్చింది. హిజాబ్ విషయంలో ఫలితం వేరుగా వచ్చింది. ఫిలడెల్ఫియా మహిళా పోలీసు ఒకరు తలగుడ్డకు అనుమతి కోరితే, 2009లో అదే అప్పీలు కోర్టు శాఖ వాదననే సమర్థించింది. 2014లో మిన్నెసోటాలోని సెయింట్ పాల్ నగర పోలీసు శాఖ హిజాబ్‌ను అనుమతించింది. అంటే ఏ శాఖలో చేరుతున్నారో ఆ శాఖ నిబంధన ముందే అడిగి తెలుసుకోవాలి. జుమాకు సంబంధించి 2023 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఉపయోగపడుతుంది. ఆదివారం పనిచేయనన్న ఒక క్రైస్తవ తపాలా ఉద్యోగి కేసు అది. ఉద్యోగి మతాచారానికి వీలు కల్పించలేమని యజమాని అనాలంటే, తన పనికి గణనీయమైన భారం పడుతుందని చూపాలని కోర్టు చెప్పింది. షిఫ్టుల ఉద్యోగంలో ప్రతి శుక్రవారం వీలవుతుందని మాత్రం ఎవరూ హామీ ఇవ్వరు.

నానీల భయం కూడా ఉత్తదేమీ కాదు. టెక్సాస్‌లోని హ్యారిస్ కౌంటీలో 2015లో తలపాగా, గడ్డంతో గస్తీ తిరిగే అనుమతి పొందిన సిక్కు డెప్యూటీ సందీప్ సింగ్ ధాలీవాల్‌ను 2019 సెప్టెంబర్ 27న ఒక కారును ఆపి తనిఖీ చేసిన సమయంలో వెనుకనుంచి కాల్చి చంపారు. హ్యూస్టన్‌లో ఒక పోస్టాఫీసుకు ఆయన పేరు పెట్టారు.

ఎంపికైనవారికి నెలల తరబడి అకాడమీ శిక్షణ, ఆపైన ప్రొబేషన్. లాస్ ఏంజెలెస్ వంటి పెద్ద శాఖల్లో కొత్త డెప్యూటీకి తొలి పోస్టింగు సాధారణంగా రోడ్డు మీద కాదు, కౌంటీ జైల్లో ఉంటుంది. జైళ్ళ విషయంలోనూ ఒక గడ్డం కేసుంది. ఆర్కాన్సా జైల్లోని ముస్లిం ఖైదీ అర అంగుళం గడ్డం ఉంచుకోవచ్చని 2015లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. ఆ తీర్పు రాసిన న్యాయమూర్తి శామ్యూల్ అలిటో. నెవార్క్ పోలీసుల తీర్పూ, తపాలా ఉద్యోగి తీర్పూ రాసింది కూడా ఆయనే.