పొట్టకు బదిలీ ఉత్తర్వు రాదు



అమ్మకో నాన్నకో బదిలీ అయితే సామాను లారీకెత్తి వచ్చేస్తాం. పొట్ట మాత్రం ఓ నెల వెనకగా వస్తుంది. నీళ్లు మారతాయి, తిండి మారుతుంది, కొత్త బడిలో మరుగుదొడ్డికి వెళ్లాలంటే సిగ్గు. బిగబట్టుకున్నకొద్దీ పెద్దపేగు మలంలోని నీటిని పీల్చేస్తుంది. అది గట్టిపడుతుంది. ఇదే మలబద్ధకం.

మేము ఇచ్ఛాపూర్ వచ్చిన కొత్తలో అమ్మగారికి ఈ బాధ మొదలైంది. పక్కింటి బెన్ ఇసబ్‌గోల్ పొట్టు ఇచ్చారు. ఇది గుజరాత్ పంటే. మెహసాణా జిల్లా ఊంఝా మార్కెట్టు దీనికి ప్రసిద్ధి. నీటిలో వేస్తే ఉబ్బి జిగురవుతుంది. ఆ జిగురే మలాన్ని మెత్తగా ఉంచుతుంది. అమ్మగారు అదే గ్లాసుతో రక్తహీనతకు ఇచ్చిన ఐరన్ మాత్ర కూడా మింగేవారు. మలబద్ధకానికి ఒక కారణం ఆ మాత్రే! పైగా ఇసబ్‌గోల్ జిగురులో కొంత ఇనుము చిక్కుకుని ఒంటికి పట్టకుండా పోవచ్చు. రెండింటి మధ్య కనీసం రెండు గంటలు ఉండాలన్నారు డాక్టరుగారు. పొట్టుతో నీళ్లు బాగా తాగకపోతే అది గొంతులోనో పేగులోనో అడ్డం పడుతుందనీ చెప్పారు.

మందుల షాపులో దొరికే కొన్ని తెల్లని సిరప్పుల్లో లిక్విడ్ పారాఫిన్ ఉంటుంది. అది మనకు అరగని నూనె. ఎ, డి, ఇ, కె విటమిన్లు నూనెలో కరిగేవి కదా, చాలా రోజులు వాడితే అవి అందులో కరిగి దానితోపాటే బయటికి పోతాయి. చూపుకు, ఎముకలకు, దెబ్బ తగిలితే రక్తం గడ్డకట్టడానికి కావలసినవే అవన్నీ. డాక్యుసేట్ అనే మందు సబ్బులా పనిచేసి మలంలోకి నీరు చేరనిస్తుంది. దాన్ని పారాఫిన్‌తో కలిపి వాడకూడదు. ఒంట్లోకి వెళ్లకూడని ఆ నూనె ఎక్కువగా లోపలికి పోతుంది. అందుకే అలమారలోని సీసా మీరే తీసి తాగవద్దు.

బడిలో మీకు వారానికొకసారి ఇచ్చే నీలం మాత్రలోనూ ఇనుమే ఉంది. ఇంట్లో విరేచనాల మందు వాడుతుంటే ఆ రోజే టీచరుకు చెప్పండి. మాత్ర వేసుకున్నాక గంటసేపు టీ వద్దు, టీ కూడా ఇనుమును పట్టేస్తుంది. నిమ్మరసం మంచిది.

అమ్మగారు ఇప్పుడు మధ్యాహ్నం ఐరన్ మాత్ర, రాత్రి ఇసబ్‌గోల్ వేసుకుంటున్నారు. గ్లాసు మాత్రం అదే.