గడ్డ గట్టిదనం

రొమ్ములో గడ్డ ఉంటే వేళ్లకి ముందు తెలిసేది దాని గట్టిదనమే. అది క్యాన్సర్ వల్ల వచ్చిందనుకుంటాం. సగమే నిజం.

2005లో అమెరికాలో వలెరీ వీవర్ బృందం మామూలు రొమ్ము కణాల్ని జెల్స్‌లో పెంచింది. సుమారు 150 పాస్కల్స్ ఉన్న మెత్తటి జెల్‌లో అవి బుద్ధిగా, లోపల బోలుగా ఉండే గుండ్రటి గుత్తులు కట్టాయి. కణితిలా వేల పాస్కల్స్ ఉన్నచోట అడ్డదిడ్డంగా పెరిగాయి. జన్యువులు అవే, మారింది పరుపు! (మనం స్టీలుకి గిగాపాస్కల్స్‌లో రాసుకునే యంగ్స్ మాడ్యులస్సే ఇది.)

కణం చుట్టూ ఉన్న కొలాజెన్ పోగుల్ని పట్టి లాగి చూస్తుంది. అవి సాగకపోతే పెరగమనే సంకేతాలు లోపల బలపడతాయి. పైగా కణితి దగ్గర లైసిల్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ ఆ పోగుల్ని ఒకదానికొకటి ముడేసి ఇంకా బిగిస్తుంది. 2009లో దాన్ని అడ్డుకుంటే ఎలుకల్లో కణితులు ఆలస్యంగా వచ్చాయి. ఎలుకల్లోనే సుమా.