సికిల్ సెల్ ఉన్నవారు పరీక్షలో ఎక్కువ టైము అడగవచ్చు



పదో తరగతి వాళ్ళ నామినల్ రోల్స్ రాసే రోజులు దగ్గర పడుతున్నాయి. అవి వెళ్ళిపోయాక అడిగితే మాస్టార్లు కూడా ఏమీ చేయలేరు. అందుకే ఈసారి గోడపత్రికలో ఈ సంగతి రాస్తున్నాను.

ముందు జబ్బు గురించి. మన ఎర్ర రక్తకణం గుండ్రంగా, మెత్తగా వంగేలా ఉంటుంది. సికిల్ సెల్ ఉన్నవారిలో ప్రాణవాయువు తగ్గినప్పుడు అది కొడవలిలా వంకర తిరిగి బిరుసెక్కి, సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. ఇరుక్కున్న చోటల్లా నొప్పే. మామూలు కణం 120 రోజులు బతికితే ఇది 10 నుంచి 20 రోజులే బతుకుతుంది. అందుకే రక్తం చాలదు, కళ్ళు పచ్చబడతాయి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లోపపు జన్యువులూ వస్తేనే ఈ జబ్బు. ఒక్కటే వచ్చినవారు వాహకులు. వారికి సాధారణంగా ఏ ఇబ్బందీ ఉండదు కాబట్టి ఈ రాయితీ వారి కోసం కాదు. ఇది అంటుకునేది కాదు. ఒక కంచంలో తిన్నా, పక్కన పడుకున్నా రాదు.

మన కొండ ఊళ్ళలోనే ఎందుకెక్కువ అని చాలామంది అడుగుతారు. వాహకులకు ప్రాణం తీసే మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుంది. మలేరియా ఉన్న చోట్ల తరతరాలుగా ఈ జన్యువు నిలిచిపోయింది. అందులో మనోళ్ళ తప్పేటీ లేదు.

వైద్య పుస్తకాలకు ఎక్కిన మొదటి సికిల్ సెల్ రోగి కూడా ఒక విద్యార్థే! వాల్టర్ క్లెమెంట్ నోయెల్ గ్రెనడా దీవి నుంచి అమెరికాలోని చికాగోకు పంటి వైద్యం చదవడానికి వెళ్ళాడు. 1904లో ఆస్పత్రిలో చేరాడు. అతని రక్తంలోని వంకర కణాల గురించి డాక్టర్ జేమ్స్ హెరిక్ 1910లో ప్రకటించారు. నోయెల్ జబ్బుతోనే చదివి 1907లో పట్టా తీసుకుని సొంత దీవికి వెళ్ళి పంటి డాక్టరు అయ్యాడు.

ఇంతకీ దీనికీ పరీక్షకూ సంబంధం ఏటి? చన్నీళ్ళు, చలి, నిద్ర లేకపోవడం, ఒంట్లో నీరు తగ్గడం, జ్వరం, ఇవన్నీ నొప్పిని లేపుతాయి. పరీక్షల నెలలో వీటిలో సగం ఉంటాయి. మార్చిలో ఎస్.కోట ఎండ సంగతి చెప్పక్కర్లేదు. వేళ్ళ కీళ్ళు నొప్పి పుడుతుంటే మూడు గంటలు ఏకబిగిన రాయడం ఎలా?

ఇంకో సంగతి ఉంది. ఎవరూ పైకి చెప్పరు గానీ చెప్పాలి. ఈ జబ్బులో మూత్రపిండాలు నీటిని సరిగా ఒంట్లో నిలపలేవు. అందుకని ఎక్కువ నీళ్ళు తాగాలి, ఎక్కువసార్లు బయటికి వెళ్ళాలి. కొందరికి రాత్రిళ్ళు పక్క కూడా తడుస్తుంది. దానికి వాళ్ళను ఏడిపించడం మన హాస్టళ్ళలో మామూలైపోయింది. ఏడిపిస్తారని వాళ్ళు సాయంత్రం నుంచీ నీళ్ళు తాగడం మానేస్తారు. నీళ్ళు మానేస్తే నొప్పి లేస్తుంది. ఆ పిల్లోడు సిక్ రూములో ఎందుకు పడ్డాడో ఇప్పుడు ఆలోచించండి. వార్డెన్ గార్లకు కూడా ఒక మనవి: స్టడీ అవర్స్‌లో "మళ్ళీ ఎక్కడికిరా?" అని అందరి ముందూ అడగకుండా ఉంటే చాలు.

ఇక చట్టం. 1995 నాటి వికలాంగుల చట్టంలో 7 రకాలే ఉండేవి. 2016 చట్టంలో 21 అయ్యాయి. సికిల్ సెల్, తలసీమియా, హిమోఫీలియా అందులో చేరాయి. ఈ చట్టం 17వ సెక్షన్‌లో పరీక్షకు అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు అనే మాటలు స్పష్టంగా ఉన్నాయి. 2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా ఇవ్వాలన్నారు. అంటే 3 గంటల పేపరుకు 1 గంట. అయితే అప్పట్లో అది 40 శాతం, ఆపైన ఉన్నవారికే అన్నారు. సికిల్ సెల్ నొప్పి వస్తుంది, పోతుంది. దాన్ని శాతాల్లో కొలిస్తే చాలామంది నష్టపోతారు. 2021 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు వికాస్ కుమార్ కేసులో, రాయడం కష్టమైనవారికి 40 శాతం లేకపోయినా సహాయకుణ్ణి ఇవ్వాలని తీర్పు చెప్పింది. ఆయనది సికిల్ సెల్ కాదు, రాసేటప్పుడు చెయ్యి బిగుసుకుపోయే జబ్బు. ఆ తీర్పు తర్వాత 2022లో 40 శాతం కంటే తక్కువున్నా రాయలేని వారి కోసం వేరే మార్గదర్శకాలు వచ్చాయి.

మనం చేయవలసింది కాగితాలు కూడబెట్టడం. పరీక్ష చేయించుకోకపోతే ముందు ఏ.ఎన్.ఎం. అక్కను అడగండి. 2023 జూలై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ కింద 40 ఏళ్ళ లోపువారికి ఈ రక్తపరీక్ష పెట్టారు. రిపోర్టు, ఆస్పత్రి చీటీలు ఒక్కటీ పారెయ్యొద్దు. ఎన్నిసార్లు నొప్పి వచ్చింది, ఎన్నిసార్లు రక్తం ఎక్కించారు అన్నది వాటిలోనే ఉంటుంది. వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే డాక్టర్లు చూసేది అదే. ఆ తర్వాత హెడ్మాస్టారు గారికి అర్జీ. అర్జీలో "రాయితీ ఇప్పించగలరు" అని ఊరికే రాస్తే లాభం లేదు. ఏది కావాలో రాయాలి: అదనపు సమయం, నీళ్ళ సీసా, మాత్రలు, బయటికి వెళ్ళడానికి అనుమతి, గుమ్మం దగ్గర కింద అంతస్తులో సీటు. అర్ధసంవత్సర పరీక్షల్లోనే ఇవి మన బడిలో అమలు చేసి చూస్తే ఎవరికి ఏది పనికొస్తుందో తెలిసిపోతుంది.

పరీక్ష రోజుల్లో జ్వరం వచ్చినా, గుండెల్లో నొప్పి, ఆయాసం వచ్చినా మాత్రం హాలుకు కాదు, ఆస్పత్రికే వెళ్ళాలి. అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంది కాబట్టి సంవత్సరం పోదు.

అనుమతి కాగితం వచ్చాక ఒక జిరాక్సు మన దగ్గర, ఒకటి వార్డెన్ గారి బీరువాలో ఉండాలి. అసలుది పరీక్ష కేంద్రం చీఫ్ సూపరింటెండెంట్ గారికి మొదటి పేపరుకు ముందే చూపించాలి. ఇన్విజిలేటర్ రోజుకొకరు మారతారు గనక జిరాక్సు హాల్ టికెట్‌తో కలిపి రోజూ పట్టుకెళ్ళండి.