తెర నేర్పినదెంత?

సినిమా చూసి నేరం చేశారన్న వార్త వెలువడినప్పుడల్లా రెండు పక్షాలు బయలుదేరుతాయి. తెరను అదుపుచేయాలని ఒకరు, కళకు సంకెళ్లు తగవని మరొకరు. అనుకరించినవారు నిజంగా అనుకరించినది ఏమిటన్న ప్రశ్న ఈ సందడిలో అడుగునపడుతుంది.

2017 నవంబరులో నాగర్‌కర్నూలులో జరిగిన హత్య ఇందుకు తగిన ఉదాహరణ. పోలీసుల కథనం ఇది: ఒక వివాహిత ప్రియునితో కలిసి భర్తను చంపినది, శవాన్ని అడవిలో కాల్చివేశారు, పిమ్మట ప్రియుని ముఖాన్ని కాల్చి, ఇతడే నా భర్త, దుండగులు దాడిచేశారని చెప్పి ఆమె అతనిని హైదరాబాదులోని ఆసుపత్రిలో చేర్చినది. శస్త్రచికిత్సతో ముఖం మారితే అతడు భర్త స్థానంలో నిలిచిపోగలడని వారి ఊహ. ఈ ఉపాయం ‘ఎవడు’ అనే చిత్రంనుంచి వచ్చినదని విచారణలో తేలినట్లు పత్రికలు రాసినవి.

వంశీ పైడిపల్లి దర్శకత్వంలో 2014 సంక్రాంతికి వచ్చిన ఆ చిత్రంలో ముఖం మారేది హంతకునికి కాదు. ప్రియురాలిని పోగొట్టుకొని, తగులబడిన బస్సులోనుంచి కాలిన దేహంతో మిగిలిన యువకునికి ఒక వైద్యురాలు చనిపోయిన తన కుమారుని ముఖాన్ని ఇస్తుంది. అక్కడ ముఖమార్పిడి నేరం కానేకాదు. ఒక తల్లి దుఃఖానికి దొరికిన దారి. నేరస్థుల పనితీరును చూపే దృశ్యాలు ఉండరాదని 1991లో కేంద్రప్రభుత్వం సెన్సారుకు నిర్దేశించినది. ఆ కత్తెరకు ఇక్కడ కత్తిరించదగినది ఏమున్నది? హత్య చేయాలన్న సంకల్పం చిత్రం ఇచ్చినది కాదు. ఉన్న సంకల్పం తనకు పనికివచ్చే ముక్కను చిత్రంలోనుంచి కోసుకున్నది.

ఆ ముక్క కూడ పనికిరాలేదు. తెరమీద రెండు దృశ్యాల మధ్య వైద్యం ముగుస్తుంది. కట్టు విప్పితే కొత్త మనిషి. ఆసుపత్రిలో అట్లా జరగలేదు. రోగికి మాంసపు సూపు ఇస్తే శాకాహారినని తిరస్కరించినాడట. మాంసం తినే మనిషి ఎప్పుడు మానినాడని బంధువులకు అనుమానం కలిగినది. చివరకు ఆధార్‌లో నమోదైన వేలిముద్రలు గుట్టు విప్పినవి. ముఖం మార్చగలమనుకున్నవారికి నాలుక సంగతి, వేలి సంగతి తోచలేదు. చిత్రం దాటవేసినచోటనే వారు పట్టుబడినారు.

చూసినవారి సంఖ్యను కూడ తలచుకోవాలి. ఉక్కు కర్మాగారపు పనికి వెళ్లి తరతరాలుగా టాటానగరంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇటువంటి చిత్రాలను ఇంట్లో తెలుగులోనూ, పొరుగింట హిందీ మాటలతోనూ చూస్తూనే ఉన్నవి. అక్కడ ఒక పాటకో పోరాటానికో మురిసిపోయి లేచినవారెందరో. ఒకే బొమ్మ అందరికీ అందినది. కత్తి పట్టించినది బొమ్మే అయితే ఈ లక్షలమందిని ఏ లెక్కలో వేయాలి?

కేరళలోని చేలేంబ్రలో 2007 డిసెంబరు చివర బ్యాంకు దోచినవారు ‘ధూమ్’ చిత్రాన్ని పేర్కొన్నారు. ఆ చిత్రంలో దొంగలు మోటారు సైకిళ్లపై దూసుకుపోతారు. చేలేంబ్రలో జరిగినది వేరు: హోటలు పెడతామని కింది అంతస్తు అద్దెకు తీసుకొని, కప్పుకు కన్నం వేసి, సుమారు 80 కిలోల బంగారం దించుకున్నారు. ఉపాయం వారిది, సినిమా ఇచ్చినది కొంత ఉత్సాహం కాబోలు.

పట్టుబడినవాడు చెప్పే కారణం కూడ ఒక కథే. లండనులో 1840లో లార్డ్ విలియం రసెల్‌ను చంపిన సేవకుడు కుర్వాజియే, ఎయిన్స్‌వర్త్ రాసిన ‘జాక్ షెపర్డ్’ నవల తనకు ప్రేరణ అన్నాడని ప్రచారమైనది. నవలాకారుడు కాదన్నాడు. అయినా ఆ పేరుగల నాటకాలకు చాలాకాలం అనుమతి దొరకలేదు. పుస్తకంమీద నెపం వేస్తే నేరస్థుని బరువు కొంత తగ్గుతుంది. పత్రికకు మంచి శీర్షిక దొరుకుతుంది. సందేహించవలసినది అందుకే.

అంతమాత్రాన రచయితలకు ఏ పూచీ లేదనరాదు. టెలివిజనులో నేరాలను నటించి చూపే కార్యక్రమాలు తలుపు తీసిన తీరు, కత్తి దాచిన చోటు, శవాన్ని మోసిన దారి వివరంగా చూపి, సంకెళ్లు పడగానే ముగిసిపోతాయి. హతుడు అందులో కథ మొదలు కావడానికి కావలసిన శవం మాత్రమే. నాగర్‌కర్నూలు ఉదంతంలోనూ జనానికి గుర్తుండిపోయినది సూపు. చనిపోయిన మనిషి కాదు.

పద్ధతిని వర్ణించడం మనవారికి కొత్త కాదు. దండి దశకుమారులలో అపహారవర్మ చౌర్యనిపుణుడు. కేతన 13వ శతాబ్దిలో ఆ కథలను తెనిగించినాడు. అంతకంటె విపులమైనది మృచ్ఛకటిక తృతీయాంకం. శర్విలకుడు కన్నాల ఆకారాలను శాస్త్రంలా ఏకరువు పెడతాడు. కొలతాడు మరచివచ్చి, జందెంతో గోడ కొలుస్తాడు. ఏ సెన్సారైనా ఉలిక్కిపడవలసిన వివరమే. కాని శూద్రకుడు దొంగ వెళ్లిపోగానే తెర దించలేదు. దాచుమని అప్పగించిన నగలు పోయినవని తెలిసి చారుదత్తుడు మూర్ఛపోతాడు. పేదవాడే కాజేసినాడని లోకం అంటుందని అతని భయం. ఆ మాట విన్న భార్య ధూత, పుట్టింటివారిచ్చిన రత్నహారాన్ని మెడలోనుంచి తీసి, భర్త అభిమానం నొచ్చుకోకుండ, మైత్రేయునికి దానమన్న నెపంతో అందిస్తుంది.