పల్నాటి యుద్ధం: కోడిపందెం, రాయబారం

పల్నాటి యుద్ధానికి కోడిపందెమే కారణమని చెప్పుకోవడం పరిపాటి. 12వ శతాబ్ది చివరి పాదంలో, 1182 ప్రాంతంలో జరిగిందని చరిత్రకారులు భావించే ఈ దాయాదిపోరుకు బీజం అంతకు ఒక తరం ముందే పడింది. వీరగాథ ప్రకారం, హైహయ వంశీయుడైన అనుగురాజుకు వెలనాటి చోడుల ఆడపడుచు మైలమాదేవితోపాటు పల్నాడు అరణంగా సంక్రమించింది. నలగామరాజు ఆమె కుమారుడు. మలిదేవుడు సవతి కుమారుడు. తల్లి పుట్టింటి సొమ్ముగా వచ్చిన నేలలో సవతి బిడ్డలకు భాగమెంత? వివాదమంతా, నా దృష్టిలో, ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

గురజాలలో నలగాముడికి నాయకురాలు నాగమ్మ, మాచర్లలో మలిదేవుడికి బ్రహ్మనాయుడు మంత్రాంగం నడిపారు. వైష్ణవుడైన బ్రహ్మనాయుడు కులభేదం లేని చాపకూడు పెట్టాడనీ, మాల కన్నమదాసును కొడుకుగా చేరదీశాడనీ గాథ. పందెంలో ఓడినవారు ఏడేళ్లు రాజ్యం విడిచిపోవాలన్నది షరతు. మాచర్లవారు ఓడారు, వెళ్లారు, గడువు కూడా పూర్తిచేశారు. అంటే పందెం అక్కడికి చెల్లిపోయినట్టే. తమ భాగం తిరిగి ఇమ్మని అడిగినప్పుడు గురజాల నిరాకరించడంతోనే అసలు సంక్షోభం మొదలైంది. రాయబారిగా వెళ్లిన అలరాజు నలగాముడికి స్వయానా అల్లుడు. ఆయన చర్లగుడిపాడులో విషప్రయోగానికి బలైన తరువాత సంధికి దారి మూసుకుపోయింది.

ఇరుపక్షాలు కారెంపూడి వద్ద, నాగులేటి ఒడ్డున తలపడ్డాయి. పొరుగు రాజవంశాలు కూడా పక్షాలు వహించాయి. వెలనాటివారి మొగ్గు తమ దౌహిత్రుడైన నలగాముడి వైపే. బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడు మొదలైన వీరులు నేలకొరిగారు. నలగాముడు బతికి రాజ్యం నిలుపుకొన్నాడు; బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలంలో ప్రవేశించాడంటారు. వెలనాటి బలం సన్నగిల్లడానికి ఈ పోరు ఒక కారణమని చరిత్రకారుల అభిప్రాయం. తరువాతి తరంలో కాకతీయ గణపతిదేవుడు తీరాంధ్రకు విస్తరించాడు.

శ్రీనాథుడిదిగా ప్రసిద్ధమైన ద్విపద కావ్యం సంఘటనకు సుమారు రెండున్నర శతాబ్దాల తరువాతిది. అంతకుముందు, ఆ తరువాత కూడా ఈ కథను మోసింది గాయకుల గొంతులే. అందుచేత వివరాల విషయంలో జాగ్రత్త అవసరం. అయినా కారెంపూడి వీరుల గుడిలో కార్తీక అమావాస్య నుంచి ఐదురోజులు జరిగే ఉత్సవక్రమం గమనార్హం: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. అక్కడ రాయబారానికి విడిగా ఒక రోజుంది, అదీ కోడిపోరుకు ముందే.